మాట అందించేవాడు

మా తమ్ముడు ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే చెప్పలేక నా ప్రాణం మీదికి వస్తుంది. నాటకశాలలో పని అంటే చాలు, ఏ వేషం వేస్తాడంటారు. వేషం వెయ్యడు. అయితే పాడతాడా అంటారు. పాడడు. మరి తెర లాగుతాడా అంటారు. అక్కడికి నాకు ఒళ్ళు మండుతుంది. మా తమ్ముడు రంగస్థలం పక్కన, జనానికి కనపడని మూలలో, చిన్న బల్ల ముందు కూర్చుంటాడు. బల్ల మీద నాటకం రాతప్రతి ఒకటి, గుడ్డ కప్పిన చిన్న దీపం ఒకటి. నటులు మాట మరిచిపోతే అందిస్తాడు. అదీ ఆయనగారి ఉద్యోగం. ఆ పని బాగా చేస్తే అలాంటి మనిషొకడు అక్కడున్నట్టే ఎవరికీ తెలియదు. మావాడు చాలా బాగా చేస్తాడు, అందుకే వాడిని ఎవరూ ఎరగరు.

నాది ఆ నాటకశాల వరండాలోనే టీ కొట్టు. నాకు నోరెక్కువని అందరూ అంటారు. మా అమ్మ ఇద్దరు పిల్లలకు పంచాల్సిన నోరంతా నేనొక్కదాన్నే పట్టుకొచ్చేశానని మా తమ్ముడి ఫిర్యాదు. కావచ్చు. వాడు చిన్నప్పటినుంచీ నోట్లో నాలుక లేనివాడు. బడిలో పద్యం అప్పచెప్పమంటే లేచి నిలబడి బిక్కచచ్చిపోయేవాడు. కానీ పక్కవాడు అప్పచెబుతూ తడబడితే మాత్రం కింద కూర్చున్న చోటునుంచే గుసగుసగా అందించేవాడు. మాస్టారు వాడి చెవి మెలేసేవారు. ఆ చెవి మెలేసిన పనికే పెద్దయ్యాక జీతమిచ్చి పెట్టుకున్నారు.

మాట అందించడమంటే వాక్యమంతా చదివి వినిపించడమని నేనూ మొదట అనుకున్నాను. కాదట. మొదటి అక్షరం చాలునట. ఆ అక్షరం పడగానే మిగతాది నటుడి లోపలినుంచి అదే వస్తుందట. అసలు విద్య వేరే ఉంది. నటుడు కావాలని ఆగాడా, మరిచిపోయి ఆగాడా అన్నది కనిపెట్టాలి. కావాలని ఆగినప్పుడు అందిస్తే మంచి ఘట్టం చెడుతుంది, మరిచిపోయినప్పుడు అందించకపోతే మనిషి పరువు పోతుంది. మావాడు ఎదుటివాళ్ళ కళ్ళు చూసి పట్టేస్తాడు. చాలాసార్లు గొంతు కూడా విప్పడు, పెదవులు కదిపి ఊరుకుంటాడు. రాజు వేషాలు వేసే పెద్దాయన ఒకరున్నారు మా దగ్గర. ఆయనైతే మావాడి పెదవులు కనపడే వైపుకే తిరిగి నిలబడతారు. కిరీటం నా నెత్తిన ఉంది కానీ రాజ్యం వాడి నోట్లో ఉందని అంటుంటారు.

ఇంతమందికి మాటలందించినవాడు తన పెళ్ళిమాట మాత్రం తాను చెప్పుకోలేకపోయాడు. మా మరదలు అక్కడే దుస్తుల గదిలో కుట్టుపని చేసేది. వీడు గుండీ ఊడని చొక్కాకు గుండీ పీకి పట్టుకెళ్ళి, కుట్టించుకుని, ఏమీ అనకుండా తిరిగొచ్చేవాడు. చొక్కాలన్నీ అయిపోయే దాకా చూశాను. ఇక చూడలేక నేనే వెళ్ళి, అమ్మాయ్, వీడికి నువ్వంటే ఇష్టం, నీకెలా ఉందో చెప్పు, నాకు పాలు పొంగిపోతున్నాయి అన్నాను. అది సూది పెదవుల మధ్య పెట్టుకునే నవ్వింది. అలా కుదిరింది ఆ పెళ్ళి.

వాళ్ళకు పుట్టిన పిల్లకు మాత్రం అత్త నోరు వచ్చింది. లేచిన దగ్గరనుంచీ వాగుడే. నటులంతా కలిసి దానికి వసపిట్ట అని పేరు పెట్టారు. నా కొట్టు ముందు స్టూలెక్కి కూర్చుని, వచ్చినవాళ్ళందరి మాట తీరూ అనుకరించేది. పెద్దాయన దగ్గు కూడా వదిలేది కాదు. మా తమ్ముడు రోజూ కథ చెబుతూ సగంలో ఆపేస్తే మిగతా సగం అది అందుకునేది. మా ఇంట్లో ఒక్కరైనా రంగస్థలం మీద వెలుతురులో నిలబడి మాట్లాడతారని నేను తెగ మురిసిపోయాను.

సైకిలు వద్దన్నది మరదలు. కొనిపెట్టింది తమ్ముడు. ఈ రెండు ముక్కలూ తరవాత ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినపడ్డాయో లెక్కలేదు. ఇంటి ముందు వీధి పల్లంగా ఉంటుంది. ఒక సెలవురోజు పొద్దున పిల్ల ఆ పల్లంలోకి దిగింది. బ్రేకు పట్టలేదు. మలుపులో సిమెంటు గట్టుకు తల కొట్టుకుంది. పెద్దగా రక్తం కూడా రాలేదు. లేచి కూర్చుని, నా కాలి చెప్పు ఏది అని అడిగి, అలాగే ఒరిగిపోయింది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు.

ఆసుపత్రిలో దాన్ని గాజు తలుపుల వెనక పెట్టారు. తల నిండా కట్టు, ముక్కులో గొట్టం. మెదడు వాచిందన్నారు. మరదలు దాని పాదం పట్టుకుని కూర్చునేది. తమ్ముడు దాని చెవి దగ్గర వంగి, అనగ... అని ఆపేవాడు. కాసేపు చూసి మళ్ళీ, అనగ... అనేవాడు. నర్సులు చూసి జాలిపడేవాళ్ళు. కళ్ళు తెరిచిన తరవాత కూడా పిల్ల ఎవరినీ పోల్చలేదు, మాట లేదు. ఒకరోజు వీడు మామూలుగా అనగ... అన్నాడు. పిల్ల పైకప్పు వైపు చూస్తూనే, నగా అంది.

ఆ ఒక్క మాటకు మేం ముగ్గురం వరండాలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాం. మాట అందిస్తే చాలు, పిల్ల అందుకుంటుందని మా తమ్ముడి మనసులో ఆరోజే నాటుకుపోయింది. అందులో వాడి తప్పేముంది? ఎవరికైనా నాటుకుపోతుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అన్నీ విడమరిచే చెప్పాడు. పిల్ల నడుస్తుంది, మాట్లాడుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ లోపల దెబ్బ తగిలిన చోటు మునుపటిలా కాదు అన్నాడు. కొత్త విషయాలు నిలవకపోవచ్చు, తొందరగా అలిసిపోతుంది, కోపం అదుపులో ఉండదు, చదువు బరువయ్యేకొద్దీ తేడా ఇంకా బయటపడుతుంది అన్నాడు. మేం గంగిరెద్దుల్లా తలలూపాం. పిల్ల బతికింది, అదొక్కటే మా చెవుల్లో పడింది.

జుట్టు పెరిగింది, మచ్చ దాగిపోయింది. చూసినవాళ్ళంతా గండం గడిచిందన్నారు. గడిచిందేమిటి, అప్పుడే మొదలైంది. పిల్ల బూట్లు వేసుకుని, మేజోళ్ళు చేత్తో పట్టుకుని, తరవాత ఏం చెయ్యాలో తెలియక తలుపు దగ్గర నిలబడిపోయేది. నీళ్ళు తాగడానికి వంటగదిలోకి వెళ్ళి, ఎందుకొచ్చానత్తా అని నన్నే అడిగేది. మాట మధ్యలో పదం జారిపోయేది. దువ్వెనను అదీ... తలది అనేది. నలుగురు ఒక్కసారి మాట్లాడితే చెవులు మూసుకుని అరిచేది. మధ్యాహ్నానికల్లా కూర్చున్న చోటే నిద్రపోయేది. ఏదైనా రాకపోతే చేతిలో ఉన్నది విసిరికొట్టేది, మరుక్షణం ఎందుకు విసిరిందో తెలియక బెదిరిపోయి చూసేది. ఆ చూపు ఉంది చూశారూ, అది నేను చచ్చేదాకా మర్చిపోను.

కాలు విరిగితే కట్టు చూసి జనం దారి ఇస్తారు. దీనికి కట్టు లేదు. అందుకని నోటికొచ్చినట్టు మాట్లాడారు. గారాబం ఎక్కువైందన్నారు, పొగరన్నారు, రెండు తగిలిస్తే దారికొస్తుందని ఒకావిడ నా కొట్టు ముందే టీ తాగుతూ అంది. ఆ టీ గ్లాసు చేతిలోంచి లాక్కుని పంపించాను. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు, పోతేపోయింది. దాని స్నేహితురాళ్ళు మొదట వచ్చారు, తరవాత గుమ్మం దాకా వచ్చారు, ఆ తరవాత రావడం మానేశారు. పిల్ల మాత్రం వాళ్ళు వస్తారని కిటికీ దగ్గరే ఉండేది.

తమ్ముడూ మరదలూ కలిసి కూర్చుని అన్నం తినడం మానేశారు. ఒకరు తింటుంటే ఇంకొకరు పిల్లను కనిపెట్టుకుని ఉండాలి మరి. సైకిలు మాట వస్తే చాలు, ఇద్దరిలో ఒకరు లేచి బయటికి వెళ్ళిపోయేవాళ్ళు. మా మరదలు సేనాపతి చొక్కాకు చేతులు తిరగేసి కుట్టిందంటే నమ్ముతారా? మరదలి చేతిపనికి వంక పెట్టినవాళ్ళు లేరు అంతకుముందు. ఒకరోజు చూస్తే దుస్తుల గదిలో వేలాడే కోట్ల వెనక నిలబడి ఏడుస్తోంది. ఏడిస్తే ఏడువు కానీ ఆ మఖమల్ కోటుకు ముక్కు తుడవకే తల్లీ, పెద్దాయన వేసుకోవాలి అన్నాను. ఫక్కున నవ్వింది. నవ్వినదల్లా నా భుజం మీద వాలి మళ్ళీ ఏడ్చింది. పిల్ల మీద విసుక్కున్నానొదినా, దెబ్బ తిన్న పిల్ల మీద విసుక్కునే తల్లినయ్యాను అంది. కొంగుతో దాని మొహం తుడిచాను.

తమ్ముడు విసుక్కునేవాడు కాదు. వాడి జబ్బు వేరు. పిల్ల ఏ మాట కోసం తడుముకున్నా అందించేసేవాడు. పిల్ల ఆగీ ఆగక ముందే వాడి పెదవి కదిలేది. ఎవరైనా పేరడిగితే, వయసడిగితే, ఏం తిన్నావని అడిగితే పిల్ల ముందు వాళ్ళ నాన్న మొహంలోకి చూసేది, తరవాత జవాబు చెప్పేది. చూసేవాళ్ళకు పిల్ల సిగ్గుపడుతోందని అనిపించేది. ఎంతకీ మాట రాకపోతే, పర్లేదమ్మా, తొందరేం లేదు, మెల్లగా ఆలోచించు, నేనున్నాగా అనేవాడు. రోజుకు ఎన్నిసార్లో ఆ మాట. మా వీధి కుక్కకు కూడా కంఠతా వచ్చి ఉంటుంది.

దీని మీదే ఒకరోజు మొగుడూ పెళ్ళాలకు నా ఎదురుగానే రగడ అయింది.

"మీరు అందిస్తూ పోతే అది ఎప్పుడు వెతుక్కుంటుంది?" అంది మరదలు.

"వెతికి దొరక్కపోతే దానికి ఎంత భయమేస్తుందో నీకు తెలీదు. ఆ మొహం నేను చూడలేను."

"అది మీ నాటకం కాదు, మన పిల్ల. రేపు మనం లేకపోతే ఎవరందిస్తారు?"

తమ్ముడు కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ సాయంత్రం ఆటలో, ఇన్నేళ్ళలో మొదటిసారి, మా తమ్ముడు మాట అందించలేదు. పెద్దాయన సింహాసనం దిగి వచ్చి, చెయ్యెత్తి, ఆగిపోయారు. పక్కకు చూశారు. వీడు బల్ల మీది దీపాన్ని చూస్తూ ఉండిపోయాడు. ముసలాయన చివరికి దగ్గు తెప్పించుకుని గట్టెక్కారు. ఆట అయ్యాక నేరుగా నా కొట్టుకు వచ్చారు. తమ్ముడు తలదించుకుని నిలబడ్డాడు. తిడతారని నేనూ అనుకున్నాను, అడ్డుపడదామని లేచాను కూడా. పెద్దాయన పిల్లకెలా ఉందిరా అని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది. వాడు అక్కడే గ్లాసుల పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంత చీకట్లోనూ ఒక్క మేలు జరిగింది. పిల్ల బడిలో చిన్న తరగతి ఒకటి ఉంది. మెదడుకు దెబ్బ తగిలినవాళ్ళు, చదువులో వెనకబడినవాళ్ళు, పట్టుమని పదిమంది కూడా ఉండరు. ఒక టీచరు, ఆమెకు తోడు సాయం చేసే మనిషి ఇంకొకరు. గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఏ పని తరవాత ఏ పనో గోడ మీద బొమ్మలుంటాయి. పిల్ల అలిసిపోతే పడుకోవడానికి మూలలో పరుపుంటుంది. అందులో చేరాక పిల్ల కాస్త నిలదొక్కుకుంది. మేజోళ్ళు ముందు, బూట్లు తరవాత అని గోడ మీది బొమ్మ చూసి నేర్చుకుంది. విసిరికొట్టడం తగ్గింది. మరదలు కూడా కాస్త కంటినిండా నిద్రపోయింది. అయితే ఆ తరగతిలో చోటు ఊరికే ఉండదు. ఏటా ఒక పరీక్ష పెట్టి, పిల్లకు నిజంగా ఆ సాయం కావాలని తేలితేనే ఉంచుతారు.

ఆ పరీక్ష పెట్టేది ఆసుపత్రి మేడమీద ఒక మేడమ్. జ్ఞాపకం, ఆలోచన, మాట, ఇవన్నీ బొమ్మలతో, కథలతో చూస్తుంది. మెత్తని మనిషి. రెండో ఏడు పరీక్షకు మరదలికి వీలు పడలేదు, కొత్త నాటకం దుస్తులు మీదపడ్డాయి. తమ్ముడూ నేనూ తీసుకెళ్ళాం. పిల్ల కొత్తచోట భయపడుతుందని వాడిని లోపల కూర్చోనిచ్చారు. మేడమ్ వెనక, గోడ పక్కన కుర్చీ. నేను బయట బెంచీ మీద.

బయటికి వచ్చినప్పుడు మా తమ్ముడి కాళ్ళు నేల మీద లేవు. పిల్ల కథంతా తిరిగి చెప్పిందట. పదాలన్నీ చెప్పిందట. కాస్త ఆలోచించి, ఆగి, అయినా తప్పు లేకుండా చెప్పిందట. చాలా బాగా కోలుకుంది, ఇక మామూలు పిల్లలతో పెద్ద తరగతికి వెళ్ళొచ్చు అని ఆ మేడమ్ కూడా సంబరపడిందట. తమ్ముడు దారిలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. నోరు విప్పని మనిషి ఆరోజు నన్ను మించిపోయాడు. మరదలు వినగానే సూది కింద పెట్టి, పిల్ల తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది.

మర్నాడు పిల్ల నా కొట్టులో స్టూలు మీద కూర్చుని పాలు తాగుతోంది. నిన్న చెప్పిన కథ నాకూ చెప్పవే అన్నాను ముచ్చటపడి. పిల్ల నా మొహంలోకి చూసింది. కళ్ళలోకి కాదు, నోటి వైపు. చూస్తూనే ఉంది.

"నీ నోరు కదలట్లేదు అత్తా," అంది.

నా నోరు కదలడం లేదన్న మాట పుట్టి బుద్ధెరిగి అదే వినడం. నవ్వొచ్చింది. నా నోటితో నీకేం పనే, కథ చెప్పు అన్నాను.

"నాన్న నోరు కదిలింది. అది చూసి చెప్పాను."

పొయ్యి ఆర్పి కొట్టు కట్టేశాను. మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ కోపం రాదనుకునేదాన్ని. ఆరోజు ఇంటికి వెళ్ళి ఈ మాట చెప్పగానే తమ్ముడు నా మీద ఒంటికాలి మీద లేచాడు. నేను నోరు విప్పలేదక్కా, ఒట్టు, ఆ గదిలో ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు అన్నాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. వాడి మొహం నాకు తెలియదా? వాడు నిజంగానే తను ఏమీ చెయ్యలేదని నమ్ముతున్నాడు.

మరదలు లేచింది. పిల్లను బల్ల దగ్గర వాళ్ళ నాన్న ఎదురుగా కూర్చోబెట్టింది. తను పక్కన నిలబడింది.

"పొద్దున అత్త నీకు తినడానికి ఏమిచ్చిందమ్మా?" అని అడిగింది.

పిల్ల ఆగింది. మేమిద్దరం పిల్లను చూడలేదు, వాడిని చూశాం. వాడి పెదవులు రెండూ కలిసి, చప్పుడు లేకుండా విడివడ్డాయి. బ.

"బిస్కెట్లు," అంది పిల్ల.

తమ్ముడు మా ఇద్దరి మొహాలూ చూశాడు. నెమ్మదిగా చెయ్యెత్తి తన పెదవులు తడుముకున్నాడు. అవి తనవి కానట్టు తడుముకున్నాడు. ఏ నాటకంలోనూ తప్పు రానివ్వని పనితనం ఇంటికొచ్చి, పిల్ల పరీక్షలో కూర్చుని, పిల్ల లోటును మేడమ్ కంటపడకుండా కప్పెట్టేసింది. వాడికి తెలిసి చేసింది కాదు, తెలిసి ఉంటే మానుకునేవాడే.

అప్పుడే వెళ్ళి చెప్పాల్సింది. చెప్పమని నేను గొంతు చించుకున్నాను. తమ్ముడు నీళ్ళు నమిలాడు. బాగుంది అన్నారక్కా, మన పిల్ల బాగుంది అన్నారు, ఆ మాట విని ఎన్నాళ్ళయింది, ఒక్కసారి పెద్ద తరగతిలో చూద్దాం, ఏమో, అందుకుంటుందేమో అన్నాడు. మరదలి వైపు చూశాను, అదైనా గట్టిగా అంటుందని. అది కూడా తల తిప్పుకుంది. దానికీ ఆ మాట తియ్యగానే ఉంది. కన్నవాళ్ళ ఆశను తిట్టడానికి నాకైనా నోరెలా వస్తుంది? ఊరుకున్నాను.

పెద్ద తరగతిలో గది నిండా పిల్లలు. రొద. గోడ మీద బొమ్మల్లేవు, మూలలో పరుపు లేదు. టీచరు బోర్డు మీద రాసి చెరిపేసేలోపు మా పిల్ల మొదటి ముక్క దగ్గరే ఉండేది. లేచి చెప్పమంటే ముందున్నవాళ్ళ మొహాలన్నీ వరసగా చూసేది. పిల్లలకు అది నవ్వులాట అయింది. కొందరు కావాలని పెదవులు కదిపి తప్పు మాటలు అందించేవాళ్ళు. పిల్ల నమ్మి అవే చెప్పేది. క్లాసంతా గొల్లుమనేది. ఇంటికొచ్చి ఏమీ చెప్పేది కాదు, అప్పటికి దానికి గుర్తుంటేగా. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. పక్క తడపడం మొదలైంది. బడి మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని వదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం బడినుంచి కబురు వచ్చింది. పిల్ల పక్కపిల్లను నీళ్ళ సీసాతో కొట్టి, గేటు దాటి ఎటో వెళ్ళిపోయిందట. ఇలాంటి పిల్లను మా వల్ల కాదన్నారు. తమ్ముడు ఒకవైపు, మరదలు ఇంకోవైపు వీధులన్నీ పిచ్చివాళ్ళలా తిరిగారు. నేను కొట్టు అలాగే వదిలేసి బస్సులు ఆగేచోటల్లా వెతికాను. ఎక్కడా లేదు. చివరికి తమ్ముడికే తట్టింది. నాటకశాలకు వెళ్ళాం. ఖాళీ రంగస్థలం, మధ్యాహ్నం కదా, దీపాల్లేవు. వాడి బల్ల కింద పిల్ల మోకాళ్ళు ముడుచుకుని, చెవులు మూసుకుని కూర్చునుంది. చెప్పు, చెప్పు, చెప్పు అని తనలో తను అనుకుంటోంది.

తమ్ముడు బల్ల కిందికి దూరి దాని పక్కన కూర్చున్నాడు.

"అక్కడ ఎవ్వరూ చెప్పరు నాన్నా," అంది పిల్ల.

మర్నాడే ముగ్గురం పిల్లను తీసుకుని ఆ మేడమ్ దగ్గరికి వెళ్ళాం. తమ్ముడు దాచకుండా అంతా చెప్పాడు. తన పనేమిటో, తన పెదవుల సంగతేమిటో, పిల్ల ఏం చూసి జవాబు చెప్పిందో. జీవితంలో ఒక్కచోట అంత పొడుగు మాట్లాడటం వాడికి అదే మొదలు. మేడమ్ తిట్టలేదు. బల్ల మీద పెన్సిలు అటూ ఇటూ దొర్లిస్తూ విన్నది.

"పిల్లకు ఏది రాదో నాకు కనపడాలండి," అంది చివరికి. "అది కనపడకపోతే నేను దానికి ఏ సాయమూ ఇప్పించలేను. మీరు ప్రేమతో దాస్తున్నారు. కానీ దాచేస్తున్నారు."

మళ్ళీ పరీక్షకు ఒప్పుకుంది. ఈ అవకాశం పోతే ఏడాది దాకా ఇంకొకటి లేదు. పెద్ద తరగతి వాళ్ళు ఉంచుకోరు, చిన్న తరగతిలో చోటు రాదు, పిల్ల ఇంట్లో గోడల మధ్య ఉండిపోతుంది. పిల్ల పరీక్షలో ఓడిపోతేనే మేం గెలుస్తాం. ఏ దేవుడు రాసిన రాతో గానీ, పిల్ల తప్పాలని కోరుకుంటూ ఆ మెట్లెక్కాం.

తమ్ముడు బయటే ఉంటానన్నాడు. పిల్ల వాడి చొక్కా పట్టుకుని వదల్లేదు, ఏడుపు లంకించుకుంది. నోటికి గుడ్డ కట్టుకుంటానండీ అన్నాడు వాడు మేడమ్‌తో. హాస్యానికి కాదు. అవసరం లేదని, వాడి కుర్చీని కిటికీ వైపు తిప్పి వేయించింది. పిల్లకు వాడి వీపు కనపడుతుంది. మరదలూ నేనూ తలుపు దగ్గర నిలబడ్డాం.

మేడమ్ చిన్న కథ చెప్పింది. ఒక ముసలమ్మ బస్సు దిగుతూ గొడుగు మరిచిపోయింది, కండక్టరు పరిగెత్తుకొచ్చి ఇచ్చాడు. అంతే కథ. ఇప్పుడు నువ్వు చెప్పు తల్లీ అంది.

పిల్ల నోరు తెరిచింది. మూసింది. మేడమ్ మొహం చూసింది, అక్కడ ఏమీ లేదు. మా వైపు చూసింది. మరదలు నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. ముసలమ్మ అన్న మాట నా నాలుక చివర ఉంది. నా బతుకులో నోరు మూసుకోవడం ఇంత కష్టమని నాకు అప్పుడే తెలిసింది. నాకే ఇలా ఉంటే వాడికెలా ఉందో.

"నాన్నా," అంది పిల్ల.

వాడి వీపు కదల్లేదు.

"నాన్నా, చెప్పు."

వాడి చేతులు కుర్చీ అంచును గట్టిగా పట్టుకున్నాయి. పిల్ల కుర్చీ దిగింది. మేడమ్ ఆపలేదు. పిల్ల నడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ నాన్న ఎదురుగా నిలబడి మొహంలోకి చూసింది. వాడు రెండు పెదవులూ లోపలికి లాక్కుని పళ్ళతో నొక్కిపెట్టాడు. కళ్ళనుంచి నీళ్ళు ధారగా గడ్డం మీదికి కారుతున్నాయి. పిల్ల ఆ నోటి వైపు ఓపికగా చూసింది. ఎంతసేపు చూసినా అది కదల్లేదు.

అప్పుడు దాని మొహం మారింది. భయం పోయింది. ఏదో అర్థమైనట్టు, జాలిగా, వాడి తడి చెంప మీద చెయ్యి వేసింది.

"నీకూ గుర్తు రావట్లేదా నాన్నా?"

వాడు రావట్లేదని తల అడ్డంగా ఊపాడు.

"పర్లేదు. తొందరేం లేదు. మెల్లగా ఆలోచించు," అంది పిల్ల. "నేనున్నాగా."

మేడమ్ పెన్సిలు కింద పెట్టి కళ్ళద్దాలు తీసింది. మరదలు గోడకు తిరిగింది. నేను దాని భుజం పట్టుకున్నాను.

చిన్న తరగతిలో చోటు మళ్ళీ దొరికింది. మేడమ్ ఆ గదిలోనే మాటిచ్చింది. మేం దేనికోసం వెళ్ళామో అదే చేతికొచ్చింది, అయినా గెలిచినవాళ్ళలా దిగలేదు ఆ మెట్లు. పిల్ల వాళ్ళ నాన్న వేలు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి, తల పైకెత్తి వాడి మొహం చూస్తోంది.

"ఇంకా గుర్తు రాలేదా నాన్నా?" అంది కింది మెట్టు దగ్గర.

"లేదమ్మా," అన్నాడు మా తమ్ముడు.